నలుగురు యోర్గిస్‌లు

హియోస్,
అక్టోబర్ ఆఖరు

పాండెలిస్,

నీ ఓడ దర్బన్ చేరేసరికి ఈ ఉత్తరం అక్కడి ఏజెంటు దగ్గర ఉంటుందని మీ లెఫ్తేరిస్ మావయ్య మాటిచ్చాడు. ఓడల ఆఫీసులో ఆయన మాటకి తిరుగు లేదంటారు కాబట్టి నమ్మి రాస్తున్నాను.

మొన్న పునీత దిమిత్రిస్ రోజు. ఊళ్ళో దిమిత్రిస్‌లందరికీ పేరుపండుగ, మన మిఠాయి దుకాణానికి ఊపిరాడని రోజు. పిలవకుండా వచ్చే చుట్టాల కోసం పొద్దున్నే ఎవరి ఇంటికి వాళ్ళ పళ్ళెం చేరిపోవాలి. నువ్వు పెట్టి వెళ్ళిన కంప్యూటర్ తెల్లారేసరికి మూడు రకాల కాగితాలూ అచ్చు వేసి ఇచ్చింది. ఏమేం చెయ్యాలో వంటింటికి ఒకటి, డబ్బాల మీద అంటించే చీటీలు, ఏ ఇంటికి వెళ్ళాలో బండి స్ట్రాటిస్‌కి ఒకటి. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క దిమిత్రిస్ కాల్వోస్ విషయంలో తప్ప.

ఆయన వేసవిలో రేవు దగ్గర ఇల్లు వదిలి కాంబోస్ తోటల్లోకి మారాడు. కొత్త చిరునామా నేనే ఎక్కించాను, నువ్వు నేర్పినట్టు రెండు వేళ్ళతో. డబ్బా చీటీ మీద అది సరిగ్గానే పడింది. కానీ స్ట్రాటిస్ చీటీ చూడడు, తన కాగితమే చూస్తాడు. అందులో పాత ఇల్లే ఉంది. ఆ పాత ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది కాల్వోస్ బావమరిది నీకోస్. మస్తిఖా బంక కారే చెట్ల పంపకంలో తగాదా పడి ఇద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు.

పళ్ళెం చూసి బావే రాజీకి పంపాడనుకున్నాడట నీకోస్. కళ్ళనీళ్ళు పెట్టుకుని, నాలుగు తిని, కోటు వేసుకుని తిన్నగా కాంబోస్ వెళ్ళాడు. అక్కడ ఇంటినిండా చుట్టాలు. మిఠాయి రాలేదని కాల్వోస్ భార్య అందరికీ ఎండు అత్తిపళ్ళు పెడుతోంది. మీసం నిండా పంచదార పొడితో బావమరిది లోపలికొచ్చి కావలించుకుంటే కాల్వోస్‌కి ఏమీ అర్థం కాలేదు, కానీ తనూ కావలించుకున్నాడు. సాయంత్రం దుకాణానికి వచ్చి, "రాజీ పడ్డాం, సంతోషమే. మరి నా మిఠాయేదమ్మా?" అన్నాడు.

అందరూ నవ్వారు, అత్తయ్య తప్ప. దుకాణం మూశాక నాతో నెమ్మదిగానే అంది. "ఏ ఇంటికి ఏ రోజు ఏం వెళ్ళాలో నలభై ఏళ్ళుగా నా తలలో ఉండేది. నా కొడుకు నా తల ఖాళీ చేసి ఈ డబ్బాలో పోశాడు. యోర్గిస్‌ల పండుగ దాకా చూస్తాను పిల్లా. అప్పుడు కూడా ఇలాగే అయితే ఇది కోళ్ళగూట్లోకి, వాడు మళ్ళీ ఓడ మీదికి."

ఈ యంత్రం మన దుకాణంలో ఒక్క ఏడాది నిలబడితే మిగతా దుకాణాలవాళ్ళూ అడుగుతారు, ఇంక సముద్రం మొహం చూడనక్కర్లేదు అని వెళ్ళేముందు నువ్వన్నావు. ఆ మాట పట్టుకునే నేను రోజులు గడుపుతున్నాను. ఏం చెయ్యాలో రాయి.

అర్గిరో


దర్బన్,
నవంబర్

నా అర్గిరో,

నీ ఉత్తరం రేడియో గదిలో చదువుకుని, కిందికెళ్ళి ఇంజిన్ గదిలోవాళ్ళకి కూడా చదివి వినిపించాను. మీసం మీద పంచదార దగ్గర చీఫ్ ఇంజినీరు ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఆయనా దిమిత్రిసే.

తప్పు నీది కాదు, నాది. వెళ్ళే తొందరలో ఒకసారి రాసిన ముక్కనే తీసుకెళ్ళి ఇంకో రెండు చోట్ల అతికించేశాను. అందుకే ఆ ప్రోగ్రామ్‌లో చిరునామాలు మూడు చోట్ల ఉన్నాయి. నువ్వు ఒకచోట మార్చావు, మిగతావి పాతవే చెబుతున్నాయి. ఒకే మాట మూడు చోట్ల ఉంటే మార్చేవాళ్ళకి మూడూ గుర్తుండాలి. గుర్తుండవు. నాకే ఉండవు.

మన వంటింట్లో ఉప్పు ఒక్క డబ్బాలోనే ఉంటుంది కదా. ప్రతి గిన్నె పక్కనా ఒక ఉప్పు డబ్బా పెట్టుకోం. అలాగే చిరునామా ఒక్కచోటే ఉండాలి. మిగతా చోట్ల "అక్కడికి వెళ్ళి అడుగు" అని మాత్రమే ఉండాలి. ఎలా మార్చాలో పెద్ద అక్షరాలతో మూడు కాగితాలు రాసి ఇందులో పెట్టాను. ఏది చెరపాలో, దాని బదులు ఏం కొట్టాలో అన్నీ ఉన్నాయి. మొదలుపెట్టేముందు డిస్కు మొత్తం ఇంకో డిస్కులోకి ఎత్తి బీరువాలో దాచు.

అమ్మతో కోళ్ళగూడు ఖాళీ చెయ్యొద్దని చెప్పు.

పాండెలిస్


హియోస్,
జనవరి

పాండెలిస్,

చేశాను.

మధ్యాహ్నం దుకాణం మూసి అత్తయ్య నడుం వాల్చినప్పుడు కూర్చునేదాన్ని. మొదటి రోజు నేను కొట్టినదానికి అది కీచుమని అరిచి, తెర మీద ఏదో తప్పని రాసింది. నేను లేచిపోయి, కడిగిన పళ్ళేలే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. మర్నాడు చూస్తే ఒక చుక్క పెట్టడం మర్చిపోయాను, అంతే. దానికంత అరుపు ఎందుకో. మీ అమ్మే నయం.

ఒక సంగతి అడగనా? ఒకే మాట రెండుసార్లు ఉండకూడదంటావు, మళ్ళీ డిస్కు మొత్తం రెండోసారి ఎత్తి దాచమంటావు. దాచానులే.

అంతా అయ్యాక సరిగ్గా ఉందో లేదో చూద్దామని మెస్తాలో ఉన్న మా అమ్మ చిరునామా మార్చి చంద్రమండలం అని పెట్టాను. ఒక్కచోటే మార్చాను. వంటింటి కాగితంలో, డబ్బా చీటీ మీద, స్ట్రాటిస్ కాగితంలో, మూడింట్లోనూ మా అమ్మ చంద్రమండలంలోనే ఉంది. స్ట్రాటిస్ అది చూసి బండికి కొత్త టైర్లు కావాలన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఈ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదలనుకుంటా.

నికోలస్‌ల పండుగ, ఆంతోనిస్‌ల పండుగ ఒక్క పొరపాటు లేకుండా వెళ్ళిపోయాయి. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. నిన్న లెఫ్తేరిస్ మావయ్య భార్య కల్లియోపి దుకాణానికి వచ్చింది. బాదం బిస్కట్లు ఏరుకుంటూ, మీవాడికి ఇంకో రెండేళ్ళ కాంట్రాక్టు ఇస్తున్నారట, అదృష్టవంతులు అంది. నేను బిస్కట్లు కట్టి చేతికిచ్చాను. నీ ఉత్తరంలో చీఫ్ ఇంజినీరు నవ్వు ఉంది, ఉప్పు డబ్బా ఉంది. కాంట్రాక్టు లేదు.

నిజం రాయి.

అర్గిరో


సాంతోస్,
ఫిబ్రవరి

అర్గిరో,

నిజమే. ఆ కాగితం నవంబర్ నుంచీ నా సొరుగులో ఉంది.

ఇకముందు ఓడలు ఉపగ్రహాలతో మాట్లాడతాయి. నాలాగా రేడియో మీట టకటకలాడించేవాడు ఎవరికీ అక్కర్లేదు. పాత ఓడలు ఇంకా కొన్ని ఉన్నాయి కాబట్టి మావయ్య నా కోసం ఎలాగో ఇంకో రెండేళ్ళు సంపాదించాడు. వద్దంటే మళ్ళీ అడిగే వీల్లేదు. మేలో పిరేయస్ రేవు చేరినప్పుడు సంతకం చెయ్యాలి. చెయ్యకుండా వచ్చి, యోర్గిస్‌ల పండుగకి మన యంత్రం తప్పు చేస్తే? అమ్మ దాన్ని పారేస్తుంది, ఊరు నవ్వుతుంది, నాకు ఇటు సముద్రమూ ఉండదు, అటు నేలా ఉండదు. అందుకే నీకు చెప్పలేదు. నువ్వు బిడియస్తురాలివని అందరూ అంటారు గాని, మన ఇద్దరిలో పిరికివాణ్ణి నేను.

పండుగ మాట వచ్చింది కాబట్టి ఒకటి చూడు. ఈసారి ఈస్టర్ ఆలస్యం. యోర్గిస్ రోజు ఈస్టర్‌కి ముందు వచ్చే పెద్ద వారంలో గురువారం నాడు పడుతోంది. ఉపవాసాల్లో పండుగ చెయ్యరు కాబట్టి అది ఈస్టర్ మర్నాడు సోమవారానికి జరుగుతుంది. బయల్దేరే ముందురోజు గుర్తొచ్చి ఆ సంగతి ప్రోగ్రామ్‌లో రాశాను. మూడు చోట్లా రాశానా, ఒక్కచోటేనా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు. ఒక్కచోటే అయితే, పాలూ గుడ్లూ ముట్టని గురువారం నాడు స్ట్రాటిస్ మీగడ మిఠాయిలు పట్టుకుని ఇంటింటి తలుపూ కొడతాడు.

పాండెలిస్


హియోస్,
మార్చి

పాండెలిస్,

ఒక్కచోటే రాశావు. వంటింటికి ఒక్కదానికే. ఇప్పుడు అది కూడా ఉప్పు డబ్బాలోకి వెళ్ళిపోయింది, మూడు కాగితాలూ అక్కడికే వెళ్ళి అడుగుతాయి. నీ కాగితాలు చూడకుండా నేనే చేశాను.

నిజం రాసినందుకు కోపం పోయింది. సగం. కాంట్రాక్టు సంగతి అత్తయ్యకి చెప్పలేదు.

నాకు ఈ పని రుచి మరిగింది. ఇప్పుడు ఎక్కడ ఏ మాట రెండుసార్లు కనిపించినా చెయ్యి ఊరుకోవడం లేదు. అంతా వెతికాను. ఈస్టర్ తర్వాతికి జరిగే వాళ్ళలో యోర్గిస్‌తోపాటు మార్కోస్ కూడా ఉన్నాడు కదా, నువ్వు ఇద్దరికీ వేరువేరుగా రాశావు. పైగా మార్కోస్‌కి సోమవారం బదులు మంగళవారం అని పడింది. వేలు జారి ఉంటుంది. ఇద్దరినీ ఒకే దానికి కట్టేశాను. ఇంకా చూడు, నీ అజాగ్రత్త ఎంతుందో. ఖాతాదారుల్లో యోర్గిస్ ఫ్రాంగూలిస్ అని ఒకే పేరు నాలుగుసార్లు ఎక్కించావు. ఇల్లు మారినప్పుడల్లా కాల్వోస్‌లాగే ఆయనా చెప్పి ఉంటాడు, నువ్వు పాతది చెరపకుండా కొత్తది ఎక్కిస్తూ పోయావు. చివరిది ఉంచి మూడూ తీసేశాను.

ప్రోగ్రామ్ ఎంత చిన్నదైపోయిందో నువ్వు చూడాలి. ఊడ్చిన గదిలా ఉంది.

మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తావని ఎదురుచూస్తుంటాను.

అర్గిరో


రేడియో టెలిగ్రామ్
ఓడ నుంచి హియోస్‌కి

అర్గిరో. మార్కోస్‌ని యోర్గిస్ నుంచి విడదియ్యి. మంగళవారమే సరైనది. యోర్గిస్ ఒకడు కాదు. నలుగురు. అమ్మని అడుగు. పాండెలిస్.


హియోస్,
ఈస్టర్ తర్వాతి బుధవారం

పాండెలిస్,

నీ టెలిగ్రామ్ పెద్ద వారం శనివారం పొద్దున వచ్చింది. దుకాణం కిటకిటలాడుతోంది. తంతి తెచ్చిన అరిస్తోస్ కళ్ళజోడు పెట్టుకుని, అందరి ముందూ నిలబడి గట్టిగా చదివాడు. నలుగురు అనే మాట దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. కల్లియోపి గారైతే చేతిలో గుడ్ల బుట్ట కింద పెట్టేసింది. నేను ఎర్రబడిపోయి లోపలికి పరిగెత్తాను.

మార్కోస్‌ని విడదియ్యడం ఎంతసేపు, వెంటనే చేశాను. యోర్గిస్‌లదే కష్టమైంది. బీరువాలో దాచిన డిస్కులో నలుగురూ ఉన్నారు, కానీ అది శీతాకాలం ముందుది. ఆ తర్వాత ఎవరు ఏం మార్పు చెప్పారో అందులో లేదు. సోమవారానికి ఫ్రాంగూలిస్ పేరు మీద వంటింట్లో ఒకే ఒక్క పళ్ళేనికి పిండి కలిపారు. అమ్మని అడుగు అన్నావు. నీకేం, సముద్రం మధ్యన ఉన్నావు. నేను మోచేతుల దాకా పిండితో ఉన్న అత్తయ్య ముందు నిలబడి, మూడు కుటుంబాలని చెరిపేశానని చెప్పాలి.

చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. బల్ల మీద చెయ్యి ఆనించుకుని, ఊపిరి తిప్పుకోలేనంతగా నవ్వింది. ముసలి యోర్గిస్ ఫ్రాంగూలిస్‌కి నలుగురు కొడుకులట. నలుగురూ తమ మొదటి కొడుక్కి తండ్రి పేరే పెట్టుకున్నారు. "పెట్టకేం చేస్తారే? తాత పేరు పెట్టకుండా వాళ్ళకి నిద్ర పడుతుందా?" అంది. మా మెస్తాలో కూడా అంతే కదా, నా అన్నదమ్ముల పిల్లల్లోనే ఇద్దరు స్తమాతిస్‌లు. అయినా తెర మీద చూసేసరికి అది నాకు తోచనే లేదు.

చేతులు కడుక్కుని వచ్చి, ఆ యంత్రం ముందు కూర్చుంది పాండెలిస్. ఇన్నాళ్ళలో మొదటిసారి. ఆవిడ చెబుతుంటే నేను కొట్టాను. మాంసం కొట్టు యోర్గిస్ అక్రోటుకాయ ముట్టడు. కస్టమ్స్ యోర్గిస్ భార్యకి నారింజ వాసన పడదు. కుంటి యోర్గిస్‌కి రెండు పళ్ళేలు, అందరూ చేరేది అతని ఇంట్లోనే. చిన్న యోర్గిస్‌కి ఏదైనా పరవాలేదు, కానీ అందరికన్నా ముందు వెళ్ళాలి, లేకపోతే అలుగుతాడు. "పేరు ఒకటే, నోళ్ళు నాలుగు. వాళ్ళ నలుగురినీ కలిపెయ్యాలని వాళ్ళ తాత చూశాడు, వల్లకాలేదు. నీవల్ల ఏమవుతుంది?" అంది.

ఈ శీతాకాలమంతా ఒకేలా ఉన్నవన్నీ ఒక్కటే అనుకున్నాను. కాల్వోస్ చిరునామా మూడు చోట్ల ఉన్నా ఒక్కటే. నలుగురు యోర్గిస్‌లు ఒకే పేరు కింద ఉన్నా నలుగురే. ఏది ఏదో యంత్రానికి తెలీదు, తెర చూస్తే నాకూ తెలీదు. తెలిసినవాళ్ళని అడగాలి. నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నీకు తెలుసు.

అయిపోయాక అత్తయ్య లేవలేదు. తెర వైపు చూస్తూ, "ఇక్కడ మారిస్తే స్ట్రాటిస్ కాగితంలో కూడా మారుతుందా?" అంది. మారుతుందన్నాను. "డబ్బా చీటీ మీద?" అదీ మారుతుందన్నాను. "మరి నా తలలో ఉన్నది కూడా ఒక్కచోటే ఉండేదిగా," అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నిజమే కదా అన్నాను.

పిండి మళ్ళీ కలిపాం. సోమవారం నలుగురు యోర్గిస్‌లకీ ఎవరి పళ్ళేలు వాళ్ళకి అందాయి, చిన్నవాడికి ముందు. మంగళవారం చర్చి ఫాదరు పాపా మార్కోస్ గారికి వెళ్ళింది. పేటంతా ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఒక రోజు ముందే వెళ్ళి ఉంటే మీగడ ఏమయ్యేదో. ఒక్క డబ్బా కూడా తప్పుడు గుమ్మం తొక్కలేదు.

ఈ పొద్దున పూలకొట్టు తాసియా గారు వచ్చి, పేరుపండుగలకి పూలు కూడా పంపాలి కదా, మాకూ ఇలాంటిది చేసిపెడతారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "మా కోడలు చేస్తుంది," అంది. ఇంతకుముందు ఎవరితో చెప్పినా ఆ పిల్ల అనేది.

అర్గిరో


పోర్ట్ సయీద్,
మే

అర్గిరో,

ఉత్తరం చదివి డెక్ మీదికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. చీఫ్ ఇంజినీరు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదు, నలుగురు బతికారు అన్నాను.

ఇంకా సంతకం చెయ్యలేదు. చెయ్యనని మావయ్యకి చెప్పనూ లేదు. నాన్న పోయాక చెయ్యి పట్టుకుని ఈ ఉద్యోగంలో పెట్టింది ఆయనే. నా కోసం బతిమాలి తెచ్చిన కాగితాన్ని వద్దనడానికి వేలు ముందుకి వెళ్ళడం లేదు. రేడియో ముందు కూర్చుని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నువ్వేమంటే అదే. ఒక్క మాట పిరేయస్‌కి రాయి, అక్కడ అందుకుంటాను.

తాసియా గారి పని మొదలుపెట్టావా? మన ప్రోగ్రామ్ మొత్తం అలాగే ఎత్తి ఆవిడకి పెట్టెయ్యకు సుమా.

పాండెలిస్


హియోస్,
మే

పాండెలిస్,

ఎత్తిపెట్టలేదు. అంత తెలీదా నాకు? ఏ పండుగ ఏ రోజో చెప్పే ముక్క ఒక్కటే ఉంచాను. మన ప్రోగ్రామూ ఆవిడదీ రెండూ దాన్నే అడుగుతాయి. ఖాతాదారులు మాత్రం ఎవరి వాళ్ళు వాళ్ళకే. ఆవిడ యోర్గిస్‌లు ఎంతమందో ముందే అడిగాను. అడగ్గా అడగ్గా ఇద్దరు ఒకడే అని తేలింది, పెళ్ళాం వేరుగా, తల్లి వేరుగా పూలు చెబుతారట. ఆవిడ కొట్టుకి యంత్రం వచ్చే నెల వస్తుంది. ఎక్కించడానికి ఇంకో మనిషి కావాలి. నువ్వు వస్తే నా కింద పని.

నువ్వు అడిగిన ఒక్క మాట పిరేయస్‌కి రాయడం దేనికి, అది చేరాల్సింది ఈ ఊళ్ళో ఉన్న మనిషికి కదా అనిపించింది. నిన్న నేనే లెఫ్తేరిస్ మావయ్య ఆఫీసుకి వెళ్ళాను.

అద్దాల తలుపు దాకా వెళ్ళి, లోపల అందరూ మగవాళ్ళే కనిపించి, రేవు చివరి వరకూ నడిచి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఆయన బల్ల ముందు నిలబడి, పాండెలిస్ సంతకం చెయ్యడు మావయ్యా, మీ మేలు మర్చిపోడు, కానీ చెయ్యడు అన్నాను. గదిలో టైపు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

మావయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వాడి మాటా, నీ మాటా?"

"ఇద్దరిదీ. రెండుసార్లు చెప్పడం ఎందుకని నేనొక్కదాన్నే వచ్చాను."

ఆయన కుర్చీ చూపించి, కాఫీ చెప్పమని ఎవరినో కేకేశాడు. పంచదార ఎంత వెయ్యమంటావమ్మా అని అడిగాడు. ఎప్పుడూ ఎంతైనా పరవాలేదు అనేదాన్ని. నిన్న చెప్పాను, సగం చెంచా అని.

అర్గిరో